పశువుల పాకలో నల్ల సంచి

తీరిగ్గా తిరగడానికి కూడా టైంటేబుల్ వేసుకునే మనుషులుంటారు. రఘు వాళ్ళకు నాయకుడు.

డిసెంబరు శనివారం పొద్దున్నే న్యూకాసిల్‌లోని తన ఫ్లాట్ హాల్లో నిలబడి, మామగారికీ భార్యకీ కూతురికీ ఆనాటి కార్యక్రమం ఫోన్లోంచి చదివి వినిపించాడు. మెట్రోలో మాన్యుమెంట్ స్టేషన్. మెట్లెక్కి బయటికొస్తే క్రిస్మస్ మార్కెట్. చెక్క కొట్లు చూడటం. మధులిక రంగులరాట్నం ఎక్కడం. లంచ్. ఆ తర్వాత గ్రే స్ట్రీట్ వాలులో దిగి నది దాకా నడక. నదిని చూసి ఆనందించడం.

"ఆనందించడానికి ఎంతసేపిచ్చావ్?" అంది హైమ, కూతురికి మఫ్లర్ చుడుతూ.

"వర్షాన్ని బట్టి. ఇంకో ముఖ్యమైన సంగతి. ఎవరూ సంచులు తీసుకురావద్దు. మామయ్యగారూ, మీకే చెబుతున్నా. ఇక్కడ మన ఊళ్ళోలా కాదు. జనంలో సంచి కనపడితే చాలు, వెయ్యి అనుమానాలు. చేతులూపుకుంటూ హాయిగా నడవాలి."

శేషగిరి బుద్ధిగా తలూపాడు. బాపట్ల కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. అల్లుడు మాట్లాడుతున్నప్పుడు తలూపడం ఈ దేశం వచ్చిన మొదటివారంలోనే నేర్చుకున్నాడు. పైగా ఆ క్షణంలో ఆయనకు నోరు విప్పే ధైర్యం లేదు. రఘుకి పొట్ట దగ్గర బిగుతై మామగారికి దానం చేసిన పెద్ద ఓవర్‌కోటు కింద, ఛాతీ మీద, ఒక సంచి వేలాడుతోంది.

ఆ సంచిలో శాలగ్రామం ఉంది.

గుప్పెట్లో పట్టేంత నల్లటి రాయి. శేషగిరి ముత్తాతల నాటి నుంచీ ఆ ఇంట్లో మధ్యాహ్నం ముందు దానికి నైవేద్యం పెట్టాకే మనుషులు ముద్ద ముట్టేది. దాన్ని ఒంటరిగా వదిలి ఊరెళ్ళడం ఆ వంశంలో లేదు. అందుకే విమానంలో కూడా అది ఆయన ఒళ్ళోనే కూర్చుని వచ్చింది. మామూలుగా అయితే ఇంట్లో భార్యకు అప్పగించేవాడే. ఆవిడ చెల్లెలి కూతురి సీమంతానికని వెంబ్లీ వెళ్ళింది. ఫ్లాట్‌లోనే ఉంచుదామంటే బాయిలర్ బాగుచేసేవాడు ఇవాళే వస్తానన్నాడు. ఇల్లు అద్దెకిచ్చిన ఏజెన్సీ వాళ్ళ తాళంతో తలుపు తీసుకుని, బూట్లతో, చేతిలో బేకన్ శాండ్‌విచ్‌తో పూజగది మీంచి బాయిలర్ దగ్గరికి నడుస్తాడు. పోయినసారి అలాగే నడిచాడు.

"నీకెందుకు నాన్నా, కోటు కింద పెట్టుకో. ఆయనకు చెబితే దానిమీద కూడా స్లైడ్లు వేసి చూపిస్తాడు," అని హైమే సలహా ఇచ్చింది.

అది అతిశయోక్తి కాదు. ఆఫీసులో రఘు 'సెక్యూరిటీ చాంపియన్'. అంటే కొత్తగా చేరిన పిల్లల్ని ఒక గదిలో కూర్చోబెట్టి, తెలియని లింకులు నొక్కకండి, అనుమానం వస్తే వెంటనే రిపోర్ట్ చెయ్యండి అని చెబుతాడు. వాళ్ళు ఆవలిస్తారు. ఈ సేవకు మెచ్చి కంపెనీ అతనికి నల్లటి బ్యాగొకటి బహూకరించింది. లోపలి అట్ట మీద అతని పేరూ బిరుదూ తెల్ల దారంతో కుట్టించి మరీ ఇచ్చింది. జిప్పు మాత్రం రెండోవారమే తెగింది. రఘు దాన్ని చెత్తడబ్బాలో పడేశాడు.

శేషగిరి దాన్ని చెత్తడబ్బాలోంచి తీశాడు. గట్టి గుడ్డ, పారేయడానికి మనసెలా వచ్చిందో! ఉతికి, ఎండ లేని దేశంలో రేడియేటర్ మీద ఆరబెట్టి, తెగిన జిప్పును రాగితీగతో కుట్టి, స్వామికి సంచి చేశాడు. కరెంటాఫీసు మనిషికి ప్రపంచంలో తీగతో కట్టలేనిది ఏదీ లేదు. తీగ కొసలు నాలుగు బయటికి పొడుచుకొచ్చాయి. వాటివల్ల ఎవరికేం నష్టం అనుకున్నాడు.

*

మార్కెట్ అద్భుతంగా ఉంది. జర్మన్ పద్ధతి చెక్క కొట్లు, వాటిలో చైనా బొమ్మలు, అమ్మేది పోలండ్ అమ్మాయి, కొనేది బాపట్ల అల్లుడు. గాజు సీసాలకు స్వెట్టర్లు తొడిగి అమ్ముతున్నారు. స్వెట్టర్లు లేని కుర్రాళ్ళు చొక్కా చేతులు మడిచి ఐసుగాలిలో బీరు తాగుతున్నారు. ఎక్కడ చూసినా కప్పుల్లో పొగలు కక్కే ఎర్రటి ద్రవం, లవంగం, దాల్చినచెక్క వాసన.

"కషాయమా అల్లుడుగారూ?"

"వైన్ మామయ్యగారూ. వేడిచేసి ఇస్తారు."

"పాపం, ఊరందరికీ ఒకేసారి జలుబు చేసినట్టుంది."

"థాతయ్యా, ఇట్స్ ఫర్ ఫన్," అంది మధులిక. ఆ పిల్లకు తెలుగంతా అర్థమవుతుంది. జవాబు మాత్రం న్యూకాసిల్ యాసలో ఇంగ్లీషులోనే వస్తుంది.

"ఆఁ, మా ఊళ్ళోనూ సరదాకే తాగుతారు తల్లీ. కాకపోతే చల్లగా."

రఘు ప్రతి కొట్టు దగ్గరా ఆగి దాని గురించి ఒక ముక్క చెప్పాడు. జనం క్యూలో ఎలా నిలబడ్డారో చూపించాడు. ఒకరినొకరు తోసుకోకపోవడం చూపించాడు. ఆ చూపించే హడావుడిలో ఇద్దరిని తోశాడు.

మధ్యాహ్నం దగ్గర పడింది. కొట్లోని వేయించిన బాదంపప్పు పొట్లం శేషగిరి ముందు పెడితే వద్దన్నాడు. నైవేద్యం కాలేదని చెప్పలేడు. చొక్కా జేబులో పటికబెల్లం, తులసిదళం సిద్ధంగా ఉన్నాయి. ఎక్కడో ఒక మూల చూసుకుని కానిచ్చేద్దామని ఆయన ప్లాను.

రఘుకి వేరే ప్లానుంది.

"మీరు మధుని రాట్నం ఎక్కించండి. నేను మనకు చిప్స్ కోసం లైన్లో నిలబడతా. ఇక్కడ వెజిటేరియన్ దొరకడం కష్టం. వెతకాలి," అన్నాడు త్యాగమూర్తిలా.

మామగారి ముందు రఘు పరమ శాకాహారి. పెళ్ళిచూపుల్లో ఇచ్చిన మాట. ఆ మాటకు కట్టుబడి, మామగారు కనపడనప్పుడు మాత్రమే మాంసం తింటాడు. చిప్స్ కొట్టు కుడివైపుంది. అతను ఎడమవైపు, నిప్పుల మీద పంది సాసేజీలు కాలుస్తున్న పొగవైపు నడిచాడు.

*

చలిదేశం ముసలివాళ్ళతో ఆడే ఆట ఒకటుంది. శేషగిరికి అర్జంటుగా బాత్రూంకి వెళ్ళాల్సొచ్చింది.

"అదిగో, ఆ షాపింగ్ సెంటర్లో ఉంది నాన్నా," అని హైమ వేలు చూపించింది.

శేషగిరి కోటు మీద చెయ్యి వేసుకుని కదలకుండా నిలబడ్డాడు. దేవుణ్ణి మెళ్ళో వేసుకుని బాత్రూంకి ఎలా వెళ్తాడు?

"నాకివ్వు, నేను పట్టుకుంటా."

"నువ్వు పొద్దున పాపకి ఆమ్లెట్ వేశావు కదమ్మా."

"చేతులు కడుక్కున్నా నాన్నా!"

"స్నానం చేశావా?"

హైమ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. రాట్నం వాడు టిక్కెట్ అడిగాడు. మధులిక చెయ్యి పట్టి లాగింది. "సరే, ఏదో చోటు చూసుకో. కిందమాత్రం పెట్టకు," అని హైమ లోపలికి వెళ్ళిపోయింది.

కింద పెట్టడమా! ఆ మాట వింటేనే శేషగిరికి కళ్ళు తిరిగాయి. బల్లల మీద బీరు. బెంచీల మీద బూట్లు. చెత్తడబ్బాల మీద ఎముకలు. రెండు కాళ్ళూ దగ్గరగా బిగించుకుని నడుస్తూ ఆయన మార్కెట్ చివరికొచ్చాడు.

అక్కడ ఒక పశువుల పాక కనపడింది.

చెక్కతో కట్టిన చిన్న పాక. లోపల శుభ్రమైన గడ్డి పరిచి ఉంది. ఒక ఆవు బొమ్మ, దూడ, గాడిద. నీలం ముసుగేసుకున్న ఒక తల్లి, గడ్డి మీద చంటిబిడ్డ. పైన చిన్న దీపం. చుట్టూ తాడు కట్టి ఉండటంతో ఎవరూ లోపలికి తొక్కడం లేదు. శేషగిరికి ప్రాణం లేచొచ్చింది. ఆవు ఉంది, దీపం ఉంది, గడ్డి ఉంది. మొత్తం ఊళ్ళో బూట్లు పడని చోటు ఇదొక్కటే. ఇంట్లో పూజగది కూడా ఇంత మడిగా లేదు.

తాడు మీంచి వంగి, సంచిని ఆవు వీపు మీద, కింద తగలకుండా, తూర్పు ముఖంగా పెట్టాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. మీవాడితోపాటు మావాణ్ణి కూడా కాస్త చూస్తూ ఉండు," అని ఆ తల్లికి దణ్ణం పెట్టి, షాపింగ్ సెంటర్ వైపు పరుగులాంటి నడక నడిచాడు.

సరిగ్గా అదే సమయానికి ఆ పాక వెనక, అమ్మకానికి నిలబెట్టిన క్రిస్మస్ చెట్ల చాటున, ఒక శాకాహారి ఆవపిండి పూసిన రెండో సాసేజీ కొరుకుతున్నాడు.

రఘు నమలడం ఆపాడు. పలకల సందులోంచి ఆవు వీపు కనపడుతోంది. ఆవు వీపు మీద నల్లగా ఏదో ఉంది. దానిలోంచి తీగలు బయటికొచ్చి ఉన్నాయి. రాగితీగలు.

ఏళ్ళ తరబడి స్లైడ్లలో చూపించింది ఇవాళ కళ్ళ ముందుంది. అతని గుండె భయంతో కొట్టుకుందని చెబితే అబద్ధం. ఆనందంతో కొట్టుకుంది.

సాసేజీ మిగిలిన ముక్క నోట్లో కుక్కుకుని, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పసుపుపచ్చ జాకెట్ వేసుకున్న మార్కెట్ మనిషి దగ్గరికి పరుగెత్తాడు. "నేనొక అనుమానాస్పద వస్తువును చూశాను," అన్నాడు. ఆ వాక్యం అతనికి కంఠతా వచ్చు.

*

పోలీసులు చకచకా వచ్చారు. క్రిస్మస్ పాటలు ఆగిపోయాయి. రాట్నం ఆగింది. జనాన్ని మర్యాదగా వెనక్కి పంపి నీలం, తెలుపు టేపు కట్టారు. కషాయం కప్పులు పట్టుకున్నవాళ్ళు కప్పులు ఒలకకుండా ఖాళీ చేశారు. బాత్రూం క్యూలో సగం దాకా వచ్చిన శేషగిరిని కూడా ఖాళీ చేయించారు. ఆయనొచ్చిన పని మాత్రం ఖాళీ కాలేదు.

టేపు దగ్గర రఘు వాళ్ళ కోసం ఎదురు చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"చూశావా హైమా? ఇదంతా ఎవరివల్ల? నావల్ల! కనిపెట్టింది నేనే. మామయ్యగారూ, మన దగ్గరైతే జనమంతా మూగి సంచి తెరిచి చూసేవాళ్ళు. ఇక్కడ అలా కాదు. అనుమానం వస్తే అక్కడికక్కడే పేల్చేస్తారు. లోపలేమున్నా పొడి పొడి!"

"పేల్చేస్తారా?" అన్నాడు శేషగిరి.

"పిండి చేసేస్తారు."

"ఎక్కడుందండీ ఆ వస్తువు?"

"ఆ పాకలో, ఆవు మీద. నల్ల సంచి. రాగితీగలు కూడా ఉన్నాయి. ఎంత తెలివిగా పెట్టాడో దుర్మార్గుడు!"

హైమ తండ్రి కోటు వైపు చూసింది. కోటు పల్చబడి ఉంది.

"నాన్నా," అంది నీరసంగా. "చోటు చూసుకోమన్నాను కదా అని..."

శేషగిరి పాక వైపు చూశాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. ముత్తాత వరదల్లో నెత్తిన పెట్టుకుని ఈది కాపాడిన రాయి. తండ్రి చనిపోయే ముందు చేతిలో పెట్టిన రాయి. అల్లుడి ఉత్సాహానికి పిండి కాబోతోంది.

రఘుకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక అతను అన్న మొదటి మాట ఇది: "సంచులు తేవద్దని చెప్పానా లేదా?"

"రఘూ, వెళ్ళి మనదేనని చెప్పు," అంది హైమ.

"పిచ్చా నీకు? రిపోర్ట్ చేసింది నేను! ఇప్పుడు మాదేనంటే నా పరువేం కావాలి? ఆఫీసులో తెలిస్తే? నేను చాంపియన్ని!" గొంతు తగ్గించాడు. "మామయ్యగారూ, కంగారు పడకండి. రాయే కదా. ఆన్‌లైన్‌లో ఇంకోటి తెప్పిస్తా. దీనికంటే పెద్దది. నచ్చకపోతే వాపసు కూడా ఇవ్వొచ్చు."

"అలాగే నాన్నా," అంది హైమ. "అల్లుణ్ణి కూడా ఆన్‌లైన్‌లో చూద్దాం. వాపసు తీసుకునేవాళ్ళ దగ్గరే కొందాం."

"జోకులొద్దు. నెమ్మదిగా, ఏమీ తెలియనట్టు మెట్రో వైపు నడుద్దాం."

"ముందొకటి చెప్పు. చిప్స్ కొట్టు ఇటుంది. పాక వెనకాల నువ్వేం చేస్తున్నావ్?"

"అదీ... చుట్టూ పరిశీలిస్తూ..."

అతని అబద్ధం పూర్తి కాకముందే శేషగిరి వంగాడు. బూట్ల లేసులు విప్పాడు. గుడిముందు విప్పినట్టు బూట్లూ మేజోళ్ళూ విప్పి పక్కకు జరిపి, కోటు తీసి మనవరాలి చేతికిచ్చి, టేపు కింద నుంచి దూరి లోపలికి నడిచాడు.

పేలబోయే సంచి వైపు కోటు విప్పేసి ఉత్త కాళ్ళతో నడిచే మనిషిని చూస్తే ఏ దేశం పోలీసులకైనా ఒకటే అనిపిస్తుంది.

"ఆగండి! అక్కడే ఆగండి సర్!"

శేషగిరి ఆగాడు. ఎదురుగా పాక, పాకలో ఆవు, ఆవు మీద తన స్వామి. గర్భగుడి తలుపు తెరిచినప్పుడు చేసినట్టే అసంకల్పితంగా రెండు చేతులూ తల మీదికెత్తి జోడించాడు.

చేతులు పైకెత్తాడు, లొంగిపోయాడు అనుకున్నారు పోలీసులు. ఊపిరి పీల్చుకున్నారు.

"మామయ్యగారూ, వెనక్కి రండి!" అని రఘు గొణిగాడు. పోలీసులకు వినపడకుండా జాగ్రత్తపడి గొణిగాడు. కాలర్ పైకి లాగి, తల వంచి, మెట్రో వైపు ఒక అడుగు వేశాడు.

అప్పుడు మోగింది లౌడ్‌స్పీకరు.

దూరదర్శిని పెట్టి సంచిని చూస్తున్న పోలీసులకు, తీగ కుట్ల మధ్య సందులోంచి లోపలి అట్ట మీది తెల్ల దారపు అక్షరాలు కనపడ్డాయి. అప్పటిదాకా పాటలు పాడిన ఆ గొంతు మార్కెట్ మొత్తానికీ శ్రావ్యంగా ప్రకటించింది: "రఘునందన్ అనే వ్యక్తి, సెక్యూరిటీ చాంపియన్, దయచేసి వెంటనే పోలీసుల దగ్గరికి రావాలి. మళ్ళీ చెబుతున్నాం. సెక్యూరిటీ చాంపియన్."

జనం నవ్వారు. మధులిక ఎగిరి గంతేసి తండ్రి వైపు వేలు చూపించింది.

"డాడ్! దట్స్ యూ! మై డాడ్స్ ద చాంపియన్!"

చుట్టూ ఉన్నవాళ్ళు దారిచ్చారు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు. జనాన్ని తోసుకోకుండా నడవడం రఘుకి ఇవాళ మొదటిసారి సాధ్యమైంది.

*

సార్జెంట్ పొడుగాటి మనిషి. పేరు కార్‌లైల్ అని జాకెట్ మీదుంది. ఆమె రఘుని పైనుంచి కిందిదాకా చూసింది.

"రిపోర్ట్ చేసింది మీరే కదా?"

"అవును."

"బ్యాగు కూడా మీదే?"

"అవును. కాదు. అంటే, పారేశాను. అవును."

"అంటే మీ బ్యాగు చూసి మీరే జడుసుకున్నారు."

రఘు దగ్గర దానికి స్లైడ్ లేదు.

శేషగిరి కల్పించుకున్నాడు. పై అధికారులకు లైను రిపోర్టు ఇచ్చినంత స్పష్టంగా ఇంగ్లీషులో చెప్పాడు. "మేడమ్, సంచి తెచ్చింది నేను. అందులో మా ఇంటి దేవుడున్నాడు. నాకు బాత్రూం వచ్చింది. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళకూడదు. మీ దేవుడి ఇల్లు శుభ్రంగా ఉందని అక్కడ కూర్చోబెట్టాను. ఆయన భోజనం వేళ దాటుతోంది."

సార్జెంట్ ఆయన కాళ్ళ వైపు చూసింది. తడి రాళ్ళ మీద మేజోళ్ళు కూడా లేవు.

"తెరిచి చూడాల్సి ఉంటుంది పెట్," అంది. ఈ ఊరివాళ్ళు ఆప్యాయత పుడితే ఎవరినైనా అలాగే పిలుస్తారు.

"చూడండి మేడమ్. మీ చేతి తొడుగులు... కొత్తవేనా?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించి, చేతికున్నవి తీసేసి, కొత్త ప్యాకెట్ చించింది. శేషగిరి కళ్ళల్లో గౌరవం కనపడింది. ఈ దేశంలో అడుగుపెట్టాక మడి అంటే ఏమిటో తెలిసిన మనిషి ఆయనకు ఎదురవడం ఇదే మొదలు.

ఆమె రాగితీగ విప్పింది. పట్టుగుడ్డ మడతలు ఒక్కొక్కటే తీసింది. అరచేతిలో నల్లగా, నున్నగా రాయి మెరిసింది. పక్కనున్న కానిస్టేబుల్ మెడ సాచి చూశాడు. ఎవరూ నవ్వలేదు.

"వారసత్వ కళాఖండం," అన్నాడు రఘు, సందర్భాన్ని తన చేతిలోకి తీసుకుంటూ.

"మిమ్మల్ని అడగలేదు సర్," అని సార్జెంట్ శేషగిరి వైపు తిరిగింది. "ఎటు తిప్పి పెట్టాలి?"

"తూర్పుకి."

ఆమె వాచీలో దిక్సూచి చూసి మరీ ఆవు వీపు మీద తూర్పుకి పెట్టింది. శేషగిరి తులసిదళం వేసి, పటికబెల్లం చూపించి, కళ్ళు మూసుకుని పెదాలు కదిపాడు. హైమ వెళ్ళి పక్కన నిలబడి, తండ్రి భుజం మీద కోటు కప్పింది.

టేపు విప్పారు. పాటలు మళ్ళీ మొదలయ్యాయి. రాట్నం తిరిగింది. కషాయం వాళ్ళు రెట్టింపు జలుబుతో క్యూ కట్టారు. శేషగిరి పటికబెల్లం ముక్క సార్జెంట్ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని బుగ్గన పెట్టుకుంది.

సంచిని మళ్ళీ గుండెకు హత్తుకున్నాక ఆయన మొహంలో ఒక మార్పొచ్చింది. కాళ్ళు రెండూ దగ్గరికొచ్చాయి. ఆగిపోయిన అవసరం గుర్తొచ్చింది.

రఘు కనిపెట్టాడు. ఇదే అవకాశం. పోయిన పరువంతా ఒక్క దెబ్బతో తిరిగి రాబట్టుకోవచ్చు. భక్తిగా ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు.

"ఇవ్వండి మామయ్యగారూ. మీరు వచ్చేదాకా నేను పట్టుకుంటా. కింద పెట్టను. పొద్దున స్నానం కూడా చేశా."

శేషగిరికి మనసు కరిగింది. ఎంతైనా అల్లుడు. సంచి అతని చేతుల్లో పెట్టబోయి, మొహంలోకి చూసి ఆగిపోయాడు.

రఘు మీసం చివర పసుపుపచ్చగా ఆవపిండి ముద్ద ఒకటి మెరుస్తోంది. దాని పక్కనే, చిన్నదే కానీ సందేహానికి తావులేని ఒక తునక.

శేషగిరి ఎడమవైపు తిరిగి నిప్పుల మీద కాలుతున్న సాసేజీల వైపు చూశాడు. పాక వెనక చెట్ల వైపు చూశాడు. మళ్ళీ మీసం వైపు చూశాడు. లైన్ ఎక్కడ తెగిందో కనిపెట్టడం ఆయన ఉద్యోగం.

"చిప్స్‌లోకి ఆవపిండి బాగుంటుందా అల్లుడుగారూ?" అన్నాడు మర్యాదగా.

రఘు చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. హైమ కాగితం రుమాలు అందించింది. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతోంది.

శేషగిరి సార్జెంట్ వైపు తిరిగాడు.

"మేడమ్, ఇంకో జత కొత్త తొడుగులు ఉన్నాయా?"

ఉన్నాయి. ఆమె ప్యాకెట్ చించి తొడుక్కుని, రెండు చేతులతో సంచి అందుకుని, ఛాతీ దగ్గర తూర్పు ముఖంగా పట్టుకుని నిటారుగా నిలబడింది. శేషగిరి నిశ్చింతగా షాపింగ్ సెంటర్ వైపు పరుగెత్తాడు.

రఘు కనీసం పక్కనైనా నిలబడదామని ఒక అడుగు ముందుకేశాడు.

"కాస్త దూరంగా సర్," అంది సార్జెంట్ కార్‌లైల్.